సగం చదివిన వాక్యం

ప్రశ్న: వందనాలు మేడమ్. మాది గుంటూరు. నా వయసు 34. మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. తొమ్మిదేళ్ల కాపురంలో దెబ్బలు తినని నెల లేదు. జీతం ఒకటో తారీఖునే ఆయన చేతిలో పెట్టాలి. కూరలో ఉప్పు తగ్గినా, ఫోను మోగినా కొట్టేవారు. పది నెలల క్రితం కోర్టు విడాకులు మంజూరు చేసింది. ఇప్పుడు మా అమ్మ దగ్గర, ఎనిమిదేళ్ల పాపతో ఉంటున్నాను. మా సంఘంలో పెద్దలు మలాకీ గ్రంథం చూపించి, విడాకులు దేవునికి అసహ్యమని చెప్పి నన్ను సండే స్కూలు పాఠాల నుంచి తప్పించారు. ఆరాధనకు వెళ్లినా చివరి వరుసలో కూర్చుని, ఆశీర్వాదానికి ముందే వచ్చేస్తున్నాను. గత నెల ఆయన గుడికి వచ్చి అందరి ముందు ఏడుస్తూ సాక్ష్యం చెప్పారు. అప్పటి నుంచి అందరూ క్షమించమని నా వెంట పడుతున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారట. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో వీధిలో ఎవరి గేటు గొళ్లెం చప్పుడైనా నాకు చెమటలు పడతాయి. మోకరిస్తే ఒక్క మాట రాదు. పాప మాత్రం రోజూ పడుకునే ముందు "డాడీని దీవించు ప్రభువా" అంటుంది. దానికి ఆమెన్ అనలేకపోతున్నాను. నేను పాపం చేశానా? క్షమించకపోతే నాకూ క్షమాపణ ఉండదా?
ఒక సోదరి, గుంటూరు

సమాధానం:

అమ్మా, వందనాలు. ముందు ఆ ఆదివారం సంగతి చెబుతాను, మిగతావి తర్వాత. ఆ సమావేశానికి మీరు వెళ్లకండి. వెళ్లాల్సిన బాధ్యత మీకు లేదు. కొట్టిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, దెబ్బలు తిన్న మనిషిని మనసు విప్పి మాట్లాడమంటే ఏ నోరూ పెగలదు. అక్కడ మీరు మౌనంగా ఉంటే ఒప్పుకున్నారంటారు, ఏడిస్తే ఇంకా ప్రేమ ఉందంటారు, గట్టిగా మాట్లాడితే లోబడే గుణం లేదంటారు. మీ కాపరి గారికి రెండు వాక్యాలు రాసి పంపితే చాలు: "మా వివాహం కోర్టు తీర్పుతో ముగిసింది. ఆయనతో కలిసి ఏ సమావేశంలోనూ నేను కూర్చోను, నా ఆత్మీయ క్షేమం గురించి మాట్లాడాలనుకుంటే మా అమ్మ సమక్షంలో నాతో విడిగా మాట్లాడండి." కారణాలు రాయకండి. ఒక్కో కారణానికి ఒక్కో జవాబు సిద్ధంగా ఉంటుంది.

మీ ఉత్తరంలో ఒక చిన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. "కొట్టేవారు" అని రాశారు. కొట్టిన మనిషికి కూడా మర్యాద తగ్గించలేదు. ఇంత మర్యాద తెలిసిన మనిషిని సండే స్కూలు నుంచి తప్పించడానికి ఆ పెద్దలకు మనసెలా వచ్చిందో!

ఇక మలాకీ. రెండో అధ్యాయం పదహారో వచనం. మీ బైబిల్ మీరే తెరిచి, మీ వేలితో ఒక్కో మాటా పట్టుకుని చదవండి. భార్యను పరిత్యజించడం దేవునికి అసహ్యమన్న చోట మీ పెద్దలు ఆపేశారు. వచనం అక్కడ ఆగదు. ఒకడు తన వస్త్రాలను బలాత్కారంతో నింపుకోవడం కూడా తనకు అసహ్యమని దేవుడు ఆ వెంటనే చెబుతాడు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. హీబ్రూ మూలంలో ఈ వచనం కష్టమైనదే, అనువాదాల్లో తేడాలున్నాయి. కానీ నేను చూసిన ఏ అనువాదంలోనూ ఆ బలాత్కారం అన్న మాట జారిపోలేదు. అది జారిపోయేది మన ప్రసంగాల్లోనే.

మరో రెండు వచనాలు వెనక్కి వెళితే ఆ మాట ఎవరితో చెప్పారో తెలుస్తుంది. యౌవనకాలపు భార్యకు ద్రోహం చేసిన మగవాళ్లతో చెప్పిన మాట అది. ఆ ద్రోహానికి దేవుడే సాక్షిగా నిలబడ్డాడని పద్నాలుగో వచనం అంటుంది. తొమ్మిదేళ్లు మీ వంటింట్లో జరిగినదానికి మనుషుల్లో సాక్షి లేకపోవచ్చు. ఆ సాక్షి ఉన్నాడు. భార్యల పక్షాన భర్తలను నిలదీసిన వచనాన్ని తెచ్చి ఒక భార్య మీద రాయిలా విసరడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయానికీ ఇదే గతి పట్టింది. స్త్రీలు లోబడాలన్న మొదటి వచనం అందరికీ కంఠతా వచ్చు. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకే అడ్డు పడుతుందన్న ఏడో వచనం మీద నేను విన్న ప్రసంగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మన అమ్మల తరాన్ని కూడా మీకు ఉదాహరణగా చూపించే ఉంటారు. వాళ్లు ఎన్ని బాధలు పడినా కోర్టు గడప తొక్కలేదనీ, అంతా విశ్వాసంతో సర్దుకుపోయారనీ. ఒక సంగతి చెబుతాను. మనకు వర్తించే విడాకుల చట్టం 1869 నాటిది. 2001లో సవరించేదాకా ఆ చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే సరిపోయేది. భార్య మాత్రం భర్త కొడుతున్నాడని చెబితే చాలదు, దానితోపాటు అతని వ్యభిచారాన్ని కూడా రుజువు చేయాలి. ఆ సవరణతోనే క్రూరత్వం దానంతట అదే విడాకులకు కారణంగా చట్టంలోకి వచ్చింది. అంటే మన అమ్మల్లో చాలామంది ఉండిపోయింది భక్తి వల్ల మాత్రమే కాదు. బయటికి వెళ్లే తలుపు వాళ్లకు లేదు. వాళ్ల సహనాన్ని నేను తక్కువ చేయను. కానీ దాన్ని మీ మీద కర్రలా వాడడం వాళ్లకూ అన్యాయమే.

పాపం చేశానా అని అడిగారు. చేయలేదు. పెళ్లినాటి ప్రమాణం కోర్టులో మీ సంతకంతో విరగలేదు. ప్రేమించి కాపాడుతానని మాట ఇచ్చిన మనిషి చెయ్యెత్తిన మొదటి రోజునే అది విరిగింది. ఆ ముక్కలను తొమ్మిదేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు మీరు.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం విజయవాడలో, స్త్రీల కూటం అయ్యాక ఒకామె నన్ను పక్కకు పిలిచి జాకెట్టు చెయ్యి పైకి మడిచి చూపించింది. మోచేతి పైన నాలుగు వేళ్ల గుర్తులు, అప్పటికే పచ్చబడ్డాయి. ఏడు శుక్రవారాలు ఉపవాసం ఉండమ్మా, ఆయన మారతాడు అని చెప్పి పంపించాను. ఆమె నా మాట విని ఇంటికి వెళ్లింది. ఐదో శుక్రవారం ఆమె రాలేదు. తర్వాత కనబడినప్పుడు, ఎడమ చెవి వినబడడం లేదని కుడి చెవి నా వైపు తిప్పి మాట్లాడింది. ఉపవాసం తప్పు కాదు. ఆమె బతుకు ఎంత ప్రమాదంలో ఉందో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆ మాట చెప్పి పంపడం నా తప్పు. ఆ తప్పు ఇంకొక స్త్రీ విషయంలో జరగకూడదనే ఈ ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను.

ఇప్పుడు క్షమాపణ. మీ ఉత్తరంలో అసలు ముల్లు ఇదే.

దావీదు, సౌలుల కథ మీరు సండే స్కూలులో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. సమూయేలు మొదటి గ్రంథం 24, 26 అధ్యాయాలను ఈసారి మీ కోసం చదువుకోండి. సౌలు రాజు పరాయివాడు కాదు, దావీదుకు పిల్లనిచ్చిన మామ. ఒకే ఇంట్లో కూర్చుని ఉండగానే ఈటె విసిరాడు. 24వ అధ్యాయంలో, గుహలో తనను చంపే అవకాశం వచ్చినా దావీదు చంపలేదని తెలుసుకుని సౌలు ఎలుగెత్తి ఏడుస్తాడు. నాకంటే నువ్వే నీతిమంతుడివి అంటాడు. మీ సంఘం ముందు జరిగిన సాక్ష్యం లాంటిదే. ఆ కన్నీళ్లు నటన అని నేను అనను, ఆ క్షణానికి నిజమే కావచ్చు. కానీ 26వ అధ్యాయం మొదట్లో అదే సౌలు మూడు వేల మందిని వెంటేసుకుని మళ్లీ వేటకు బయలుదేరతాడు.

ఈసారీ దావీదు అతణ్ణి చంపడు. నిద్రపోతున్న సౌలు తల దగ్గరున్న ఈటెను తీసుకుని, అవతలి కొండ శిఖరం మీదికి వెళ్లి, మధ్యలో చాలా దూరం పెట్టుకుని అక్కడి నుంచి కేకేస్తాడు. ఆ దూరాన్ని బైబిల్ పనిగట్టుకుని చెబుతుంది. సౌలు మళ్లీ పాపం ఒప్పుకుని, తిరిగి రా నాయనా, ఇక నీకు కీడు చేయను అంటాడు. దావీదు ఏం చేశాడు? ఈటె ఇదిగో, ఎవరైనా పనివాణ్ణి పంపి తీసుకువెళ్లు అన్నాడు. ఈటె తిరిగి ఇచ్చేశాడు కానీ తాను దగ్గరికి వెళ్లలేదు. అధ్యాయం చివర దావీదు తన దారిన తాను పోయాడు, సౌలు తన చోటికి తిరిగి వెళ్లాడు.

పగ తీర్చుకోలేదు, తిరిగి అతని దగ్గరికీ వెళ్లలేదు. ఇందుకు దావీదు కఠినుడని ఏ ప్రవక్తా నిందించలేదు. క్షమించడమంటే అతనికి కీడు తలపెట్టకుండా తీర్పు దేవునికి వదిలేయడం. ఆ పని మీరు ఇంట్లో ఒంటరిగా, నెమ్మదిగా, ఏళ్ల తరబడి చేసుకోవచ్చు. ఈరోజు చేయలేకపోతే దేవుడు గడియారం పట్టుకుని మీ ఎదుట కూర్చోలేదు. తిరిగి కలవడం వేరే సంగతి. దానికి ఇద్దరు కావాలి, భయం లేని ఇల్లు కావాలి. కాపురానికి వెళ్లకపోతే క్షమించనట్టే అని ఎవరైనా అంటే, అవతలి కొండ మీద నిలబడిన దావీదును గుర్తు చేయండి.

ఆయన మారారో లేదో మీరెందుకు తేల్చాలి? అయినా మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి ఒక మాట. పన్నుల అధికారి జక్కయ్య మారినప్పుడు ఏడ్చాడని సువార్తలో లూకా రాయలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడి చెప్పాడని రాశాడు. పాప పోషణకు కోర్టు ఆదేశించిన సొమ్ము ఏదైనా ఉంటే అది నెలనెలా వస్తోందా? మీ జీతం గురించి, మీ నగల గురించి ఆ సాక్ష్యంలో ఒక్క మాటైనా ఉందా? కొట్టానని తన నోటితో చెప్పారా, లేక "కుటుంబంలో సమస్యలు వచ్చాయి" అన్నారా? పెద్దలు మిమ్మల్ని అడిగే ముందు ఇవి ఆయన్ని అడగాలి.

కొరింథీయుల మొదటి పత్రిక ఏడో అధ్యాయం కూడా మీ ముందు పెడతారు, సిద్ధంగా ఉండండి. భార్య భర్తను విడిచి వెళ్లకూడదని పౌలు అంటాడు, నిజమే. ఆ వెంటనే, ఒకవేళ వెళ్లిపోతే మళ్లీ పెళ్లి చేసుకోకుండా అలాగే ఉండిపోవాలి లేదా సమాధానపడాలి అంటాడు. అలా ఉండిపోవడం కూడా పౌలు చెప్పిన దారే. అలాంటి స్త్రీని సండే స్కూలు నుంచి తప్పించమని ఆయన ఎక్కడా రాయలేదు. రెండో పెళ్లి మీద సంఘాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. మీరు అడగలేదు కాబట్టి అందులోకి వెళ్లను.

గేటు గొళ్లెం గురించి రాశారు. అది మీ విశ్వాసం తగ్గిందనడానికి గుర్తు కాదు. తొమ్మిదేళ్లు ఆ వేళకు, ఆ చప్పుడుకు మీ శరీరం కాపలా కాసింది. ఇవాళ తాగి వచ్చారా, అడుగులు ఎలా పడుతున్నాయి, పాపను లోపలి గదిలో పడుకోబెట్టాలా అని ఆ గొళ్లెం చప్పుడులోనే లెక్క వేసుకునేది. ప్రమాదం పోయిందని మెదడుకు తెలిసినా ఒంటికి ఇంకా తెలియలేదు. ఇలాంటి మనోగాయానికి వైద్యం ఉంది, మాటలతో చేసే చికిత్స ఉంది, నిద్ర పట్టకపోతే కొంతకాలం మందులూ అవసరం కావచ్చు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగమూ ఉంది.

ప్రార్థన ఉండగా డాక్టరెందుకు అని మీ ఊళ్లో ఎవరైనా అంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. 1883లో అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి గుంటూరు వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసింది. ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి మీ అందరికీ తెలిసిందే. కాన్పుకు అక్కడికి వెళ్లినప్పుడు ఎవరూ అవిశ్వాసం అనలేదు. మనసుకు తగిలిన దెబ్బకు మాత్రం వేరే న్యాయమెందుకు? ఏలీయా ప్రవక్త ఎడారిలో బదరీచెట్టు కింద చచ్చిపోతే బాగుండునని పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. అంతదాకా ఏలీయాను ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ నెల మీ భక్తి కూడా వేళకు తినడం, వేళకు పడుకోవడం అనుకోండి.

మోకరిస్తే మాట రాకపోతే మోకరించకండి, కూర్చోండి. 55వ కీర్తన తెరిచి పైకి చదవండి. నన్ను దూషించింది శత్రువైతే సహించేవాణ్ణే, కలిసి దేవుని మందిరానికి వెళ్లిన నా చెలికాడివి నువ్వే అని ఏడ్చే కీర్తన అది. పక్కన కూర్చుని పాటల పుస్తకం పంచుకున్న మనిషే ఇంటికొచ్చి కొడితే పడే బాధకు మాటలు మీరు వెతుక్కోనవసరం లేదు. ఆ కీర్తనలో కోపం ఉంది, శాపం ఉంది, రెక్కలుంటే ఎగిరిపోయేవాణ్ణన్న ఆశ ఉంది. దేవుడు వాటిని తీసేయకుండా తన గ్రంథంలోనే ఉంచాడు. మీ కోపం విని ఆయన ఉలిక్కిపడడు.

కొన్ని పనులు త్వరగా చేసుకోండి. పాపను ఎవరు తీసుకువెళ్లవచ్చో బడికి రాతపూర్వకంగా ఇచ్చి, కస్టడీ ఆదేశం ఉంటే దాని ప్రతి జత చేయండి. బ్యాంకు, పీఎఫ్, బీమా కాగితాల్లో నామినీ పేరు చూసుకోండి. ఫోను, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. ఆయన వెంటపడినా, ఇంటి ముందు నిలబడినా అత్యవసర నంబరు 112కు గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం ఒకప్పుడు కలిసి ఉన్నవారికీ వర్తిస్తుంది, కాబట్టి విడాకుల తర్వాత కూడా రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఫోను నంబరు 15100.

సంఘం అంతా మీ వైపు తిరగాలని ఎదురు చూడకండి, అలసిపోతారు. ఇద్దరు స్త్రీలు చాలు. విన్న మాట మోయనివారు, వెంటనే వచనం అప్పగించనివారు. మీ సంఘంలో అలాంటివారు తప్పక ఉంటారు, చాలాసార్లు వాళ్లు కూడా వెనక వరుసల్లోనే కూర్చుంటారు. వాళ్లను ఒక చిన్న సాయం అడగండి: ఆదివారం నా పక్కన కూర్చుంటారా అని. అక్కడ అసలు ఊపిరాడకపోతే కొన్నాళ్లు వేరే గుడికి వెళ్లండి. గుంటూరులో గుళ్లకు కొదవా? గుడి మారితే ప్రభువు మారడు. పిల్లలకు పాఠం చెప్పే వరం మీకు ఇచ్చింది పెద్దల కమిటీ కాదు. ఈలోగా పాపకూ, పక్కింటి పిల్లలకూ మీ వసారాలోనే కథలు చెప్పండి.

ఈ శీర్షిక చదివే కాపరులకు నా విన్నపం ఒకటే. ఇంట్లో కొడుతున్నారని ఒక స్త్రీ చెబితే ఇద్దరినీ పిలిపించకండి. ఆమెను ఒంటరిగా, మీ భార్య గానీ మరో నమ్మకమైన స్త్రీ గానీ దగ్గరుండగా, ఈ రాత్రి ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా అని ముందు అడగండి.

అమ్మా, ఇక పాప ప్రార్థన. దాన్ని ఆపకండి. ఆ పిల్లకు ఆయన తండ్రి. భయపడిన రాత్రులు దానికీ గుర్తున్నాయి, అయినా దీవించమని అడుగుతోందంటే అది దాని మనసు, దాని లెక్క. మీరు నేర్పలేదు, మీరు మాన్పించనూ వద్దు. డాడీ మీద కోపం వచ్చినా అది కూడా ప్రభువుకు చెప్పుకోవచ్చని మాత్రం ఒకసారి చెప్పండి. ఆమెన్ మీరు అనలేకపోతే అనకండి. దాని తల మీద చెయ్యి వేసి ఉంచండి. ఆ ఆమెన్ పాపే చెప్పుకుంటుంది.